ఆట ముగిసిన తరువాత మాట

హైదరాబాదు నగరములో తార్నాక కూడలి నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి వెళ్ళేవారికి మొదట గుర్తుకు వచ్చేది ఆర్ట్స్ కాలేజి రాతి భవనము. 1918లో స్థాపించబడిన ఈ విశ్వవిద్యాలయానికి 1939లో ప్రారంభోత్సవము జరిగిన ఆ భవనమే గుర్తు. అయితే తెల్లవారుజామున వెళ్ళి చూస్తే భవనముకంటె మైదానములలోనే ఎక్కువ సందడి ఉంటుంది. ఒకప్రక్క పరుగెత్తేవారు, ఒకప్రక్క బంతి విసిరేవారు, ఒకప్రక్క వ్యాయామము చేసేవారు. పల్లెల నుండి, చిన్న పట్టణాల నుండి చదువు కొరకు వచ్చి హాస్టళ్ళలో ఉంటున్న పిల్లలు వారిలో అనేకులు.

ఇంటి దగ్గర తల్లిదండ్రుల ఆలోచన వేరుగా ఉంటుంది. "ఆటలు కూడు పెడతాయా?" అని అడగని తండ్రి అరుదు. సంఘ కుటుంబాలను దర్శించినప్పుడు ఈ ప్రశ్నను మేము ఎన్నో ఇండ్లలో విన్నాము. కొడుకు చేతిలో బ్యాటు చూస్తే తండ్రికి కోపము. తండ్రి చేతిలో మార్కుల కాగితము చూస్తే కొడుకుకు భయము. ఇద్దరి మధ్య నలిగిపోయేది తల్లి.

ప్రియ పాఠకులారా, తండ్రి అడిగే ప్రశ్న తప్పు కాదు. కొడుకుకున్న ఆశ కూడా తప్పు కాదు. కాబట్టి రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి న్యాయముగా విచారించి చూద్దాము. ఆట ఎంతకాలము ఉంటుంది? అది ముగిసిన తరువాత ఆటగాడు ఏమి చేస్తాడు? దేశము తరపున ఆడి, ఆ తరువాత మైకు ముందు కూర్చుని ఆటను వివరించే వ్యాఖ్యాతలైనవారి జీవితాలలో ఈ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది.

ఆటగానికి ఎన్నేళ్ళు?

రైతు 70 ఏళ్ళ వయసులో కూడా పొలము గట్టు మీద నిలబడి పని చేయించగలడు. ఉపాధ్యాయుడు 60 ఏళ్ళకు దగ్గరయ్యేవరకు బడిలో ఉంటాడు. ఆటగాని సంగతి అట్లా కాదు. 20 ఏళ్ళకు జట్టులోనికి వస్తే 35 ఏళ్ళకు శరీరము లెక్క అడుగుతుంది. మోకాలు, భుజము, నడుము ఒక్కొక్కటే ఎదురు చెబుతాయి. ఇతర ఉద్యోగాలలో మనిషి అప్పుడప్పుడే స్థిరపడే వయసులో ఆటగానికి పదవీ విరమణ వస్తుంది. ఆ తరువాత ఇంకా సగము జీవితము మిగిలి ఉంటుంది.

ఆ స్థాయికి చేరేవారైనా ఎందరు? భారతదేశము మొదటి క్రికెట్ టెస్టు ఆడినది 1932లో. అప్పటినుండి మన దేశము తరపున టెస్టు ఆడిన పురుషులందరినీ లెక్కించినా 350 మందికి మించలేదు. తొంభై ఏళ్ళకు పైగా కాలములో, కోట్లాది జనములో, ఇంతమందే. కనుక కొడుకు ఆటగాడవుతానని అంటే తండ్రి భయపడుటలో ఆశ్చర్యము లేదు. అందుకే ఆటను ప్రేమించే పిల్లవానికి ఆటతోపాటు మరొకటి కూడా చేతిలో ఉండాలి.

ఆలమూరు నుండి మైకు వరకు

అప్పటి తూర్పుగోదావరి జిల్లాలోని ఆలమూరు పేరు మన పాఠకులలో చాలామందికి తెలుసు. సాగి లక్ష్మీ వెంకటపతిరాజు గారు 1969లో అక్కడ జన్మించారు. హైదరాబాదు జట్టులో ఎడమచేతి స్పిన్ బౌలరుగా ఎదిగి, 1990 ఫిబ్రవరిలో న్యూజిలాండు దేశములోని క్రైస్ట్‌చర్చ్‌లో మొదటి టెస్టు ఆడారు. అప్పటికి ఆయన వయసు 20 ఏళ్ళు. చాలా సన్నగా ఉండేవారు కాబట్టి తోటి ఆటగాళ్ళు సరదాకు "మజిల్స్", అనగా కండలవాడు అని పేరు పెట్టారు. ఆ మొదటి టెస్టులోనే బ్యాటింగు వరుసలో ముందుకు పంపబడి, ఎంతోసేపు నిలబడి 31 పరుగులు చేశారు.

అదే సంవత్సరము ఇంగ్లండు పర్యటనలో బంతి తగిలి ఆయన ఎడమచేతి వ్రేలి కణుపు విరిగింది. బౌలరుకు ఆ చెయ్యే జీవనాధారము. అయినా కొద్ది నెలలకే, 1990 నవంబరులో, చండీగఢ్‌లో శ్రీలంక మీద 12 పరుగులు మాత్రమే ఇచ్చి 6 వికెట్లు తీశారు. శ్రీలంక జట్టు 82 పరుగులకే ముగిసింది. 1992, 1996 ప్రపంచ కప్పు పోటీలలో ఆయన ఆడారు. మొత్తము 28 టెస్టులలో 93 వికెట్లు ఆయన లెక్కలో ఉన్నవి.

2001 మార్చిలో కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద జరిగిన టెస్టు ఆయనకు చివరిది. మన హైదరాబాదు వాడైన వి.వి.యస్. లక్ష్మణ్ గారు 281 పరుగులు చేసిన టెస్టు అదే. అందరూ లక్ష్మణ్ గారిని, హర్భజన్ సింగ్ గారిని జ్ఞాపకముంచుకున్నారు. ఆ చివరి రోజున మార్క్ వాను సున్నాకు ఔట్ చేసినది రాజు గారని కొద్దిమందికే గుర్తు. అప్పటికి ఆయన వయసు 31 సంవత్సరాలు. ఆలోచించి చూడండి. మన ఊళ్ళలో 31 ఏళ్ళ వయసంటే పెండ్లయి, చిన్న పిల్లలున్న యౌవనస్థుడు. ఆ వయసుకే దేశము తరపున ఆడే టెస్టు జీవితము ముగిసిపోయింది.

తరువాత రాజు గారు జాతీయ సెలెక్టరుగా పనిచేశారు. 2007లో భారత జట్టు మొదటి టీ20 ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఎంపిక సంఘములో ఆయన ఉన్నారు. ఆ మీదట టెలివిజనులో తెలుగు వ్యాఖ్యాత అయ్యారు. బంతిని త్రిప్పిన మనిషి ఇప్పుడు ఆ బంతి ఎందుకు తిరిగిందో తెలుగు మాటలలో చెబుతున్నారు.

వ్యాఖ్యాత చేసే పని ఏమిటి?

ఒకప్పుడు మన పల్లెలలో క్రికెట్ అంటే రేడియో. ఊరిలో రెండు మూడు రేడియోలుంటే వాటి చుట్టూ పదిమంది. ఆకాశవాణి ఇంగ్లీషులో కొంతసేపు, హిందీలో కొంతసేపు వ్యాఖ్యానము ప్రసారము చేసేది. మాట సగము అర్థమైనా, కాకపోయినా, గొంతు హెచ్చుతగ్గులను బట్టి ఫోరు పోయిందో వికెట్ పడిందో గ్రహించేవారు. స్కోరు అడిగి తెలుసుకొని పొలానికి వెళ్ళేవారు.

రేడియో వ్యాఖ్యాత చూడలేనివారికి కన్నులవంటివాడు. బౌలరు ఏ వైపు నుండి వస్తున్నాడు, బంతి ఎక్కడ పడింది, బ్యాటుకు ఎట్లా తగిలింది, ఏ దిక్కుకు పోయింది, ఎవరు ఆపారు, ఎన్ని పరుగులు వచ్చాయి, ఇప్పుడు మొత్తము స్కోరు ఎంత, ఇదంతా తరువాతి బంతి వేసేలోగా చెప్పి ముగించాలి. మధ్యలో వచ్చి రేడియో పెట్టినవారి కొరకు స్కోరును మరలమరల చెప్పాలి. లేనిది చెప్పకూడదు. ఉన్నది దాచకూడదు. వినేవాడు గది నాలుగు గోడల మధ్య ఉన్నాడు. వ్యాఖ్యాత అబద్ధము చెప్పినా అతనికి తెలియదు. అందుచేతనే ఆ పనికి నమ్మకము ప్రాణము.

టెలివిజను వచ్చిన తరువాత పని మారింది. బంతి ఎక్కడికి పోయిందో వీక్షకుడు స్వయముగా చూస్తున్నాడు. చూసినదానినే మరల చెబితే విసుగు. బంతి వేయడానికి ముందు ఫీల్డరును ఎందుకు జరిపారు, బ్యాటు పట్టినవాడు ఏ తప్పు చేశాడు, ఈ మైదానము సాయంత్రానికి ఎట్లా మారుతుంది, ఇటువంటివి చెప్పాలి. ఇక్కడ మాజీ ఆటగాడు ఉపయోగపడతాడు. ఆ ఎండలో తాను నిలిచాడు. ఆ ఒత్తిడిని తాను మోశాడు. సాధారణముగా ఒకరు ఆటను వరుసగా చెప్పుకుంటూ పోతే, ప్రక్కన కూర్చున్న మాజీ ఆటగాడు అందులోని లోతును విప్పుతాడు.

తెలుగు వారికి ఈ సేవ ఇంటి భాషలో అందుట ఈ మధ్య జరిగిన మార్పు. 2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానెల్ ఆరంభమైంది. వెంకటపతిరాజు గారితోపాటు గుంటూరు జిల్లాకు చెందిన ఎం.యస్.కె. ప్రసాద్ గారు, విశాఖపట్నానికి చెందిన వేణుగోపాలరావు గారు, 2023లో ఆట విరమించిన అంబటి రాయుడు గారు తెలుగు వ్యాఖ్యానములో మనకు వినబడినవారే. వీరందరూ భారతదేశము తరపున ఆడినవారు. సికింద్రాబాదులో పెరిగి, 1999 నుండి 2022 వరకు దేశము తరపున ఆడిన మిథాలీ రాజ్ గారు కూడా ఆట విరమించిన పిమ్మట మైకు పట్టారు. ఇది మన ఆడపిల్లలు గమనించవలసిన విషయము.

ఇంటి భాషలో పెద్ద సంగతులు చెప్పవచ్చుననుటకు తార్నాక ప్రక్కనున్న క్యాంపసే సాక్షి. మన దేశములో పై చదువులన్నీ ఇంగ్లీషులోనే సాగుతున్న కాలములో, ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో ఆరంభమైంది. వైద్యము, ఇంజనీరింగు సైతము దేశభాషలో చెప్పవచ్చునని చూపించింది. అటువంటప్పుడు క్రికెట్‌ను తెలుగులో చెప్పుట ఎట్లా చిన్నతనమవుతుంది?

పదవి వేరు, పలుకు వేరు

దేశము తరపున ఆడినంత మాత్రాన మంచి వ్యాఖ్యాత అవుతాడా? ఇందుకు మన తెలుగు వారి చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉన్నది.

విజయనగర రాజకుటుంబములో 1905లో జన్మించిన విజయానంద గజపతిరాజు గారిని క్రికెట్ లోకము "విజ్జీ" అని పిలిచింది. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు ఆయన నాయకుడు. ధనము, పలుకుబడి ఆయనను ఆ స్థానములో కూర్చోబెట్టాయని చరిత్రకారులు చెబుతారు. ఆడిన 3 టెస్టులలో ఆయన చేసిన మొత్తము పరుగులు 33. ఆ పర్యటనలోనే గొప్ప ఆటగాడైన లాలా అమర్‌నాథ్ గారిని మధ్యలో ఇంటికి పంపివేశారు. తరువాత కాలములో విజ్జీ గారు క్రికెట్ బోర్డు అధ్యక్షులయ్యారు, విశాఖపట్నము నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు, రేడియో వ్యాఖ్యాత కూడా అయ్యారు.

వ్యాఖ్యాతగా ఆయనకు విసుగు పుట్టించేవాడన్న పేరే మిగిలింది. ఆయన వేటాడిన పులులను గురించి చెప్పుకుంటుండగా, వెస్టిండీసు ఆటగాడు రోహన్ కన్హాయ్ గారు, మీరు తుపాకితో చంపారా, లేక మీ వ్యాఖ్యానము వచ్చే రేడియోను అడవిలో వదలి వచ్చారా అని ఎగతాళి చేశారని క్రికెట్ వారు నేటికీ చెప్పుకుంటారు. నవ్వులాటకు పుట్టిన కథే కావచ్చు. కాని అందులో ఒక సత్యమున్నది. నాయకత్వమును కొనవచ్చును గాని వినేవాని చెవిని కొనలేము. అక్కడ బిరుదు పనిచేయదు.

ఆయనకు న్యాయము కూడా చేయాలి. ఆటకు, ముఖ్యముగా దాని నిర్వహణకు ఆయన చాలా కాలము వెచ్చించారు. విశ్వవిద్యాలయాల జోన్ జట్ల మధ్య జరిగే క్రికెట్ పోటీకి నేటికీ విజ్జీ ట్రోఫీ అని ఆయన పేరే ఉన్నది. అనేకమంది కాలేజి కుర్రవాళ్ళు ఆ ట్రోఫీ కొరకే ఆడారు.

ఒకే మైదానములో ఇద్దరు

సికింద్రాబాదులో 1939లో పుట్టిన యం.యల్. జయసింహ గారిది మరొక మార్గము. 1959లో లార్డ్స్ మైదానములో మొదటి టెస్టు ఆడారు. 1960 జనవరిలో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద జరిగిన టెస్టులో అయిదు రోజులూ ఏదో ఒక సమయములో బ్యాటు పట్టుకొని ఆడారు. టెస్టు చరిత్రలో అట్లా జరుగుట అదే మొదటిసారి. 1968లో జట్టుకు అవసరమై ఆస్ట్రేలియాకు పిలిపించగా, వెళ్ళిన వెంటనే బ్రిస్బేన్‌లో 74, 101 పరుగులు చేశారు. 39 టెస్టులు ఆడి 1971లో అంతర్జాతీయ ఆట ముగించారు. సునీల్ గవాస్కర్ గారు తన కుమారునికి పెట్టిన పేరులో జయసింహ గారి పేరును కూడా కలుపుకున్నారంటే ఆయన మీద ఎంత అభిమానమో గ్రహించవచ్చు. హైదరాబాదు జట్టుకు ఎన్నో సంవత్సరాలు నాయకుడిగా ఉండి, తరువాత జాతీయ సెలెక్టరుగా, జట్టు మేనేజరుగా పనిచేసి, 1987లో టెలివిజను వ్యాఖ్యాతగా కూడా వినిపించారు. 1999లో మరణించారు.

1960లో అదే కలకత్తా మైదానములో ఎదుటి జట్టు నాయకుడు రిచీ బెనో. ఆయన చేసిన ఒక పని మన యౌవనస్థులు తెలుసుకోదగినది. 1956లో ఇంగ్లండు పర్యటన ముగిసినప్పుడు తోటి ఆటగాళ్ళు వెళ్ళిపోయినా, బెనో అక్కడే ఆగి బి.బి.సి. సంస్థలో టెలివిజను శిక్షణ పొందారు. అప్పటికి ఆయన జట్టు నాయకుడు కూడా కాలేదు. ఆట ఎనిమిదేళ్ళ తరువాత, 1964లో గాని ముగియలేదు. ఆడుతున్న రోజులలోనే పత్రికా విలేఖరిగా కూడా పని నేర్చుకున్నారు. 63 టెస్టులలో 248 వికెట్లు తీసిన మనిషి, మైకు ముందు మాత్రము క్రొత్త విద్యార్థివలె కూర్చున్నారు. బొమ్మకు ఏదైనా చేర్చగలిగినప్పుడే మాట్లాడాలి అనునది ఆయన పద్ధతి. 2015లో మరణించేవరకు క్రికెట్ లోకములో ఆయన స్వరమే వ్యాఖ్యానానికి కొలతగా నిలిచింది.

క్యాంపస్ నుండి వచ్చిన స్వరము

ఇప్పుడు ఉస్మానియా క్యాంపసుకు తిరిగి వద్దాము. ఈ విశ్వవిద్యాలయము నుండి ప్రపంచమంతా ఎరిగిన ఒక క్రికెట్ వ్యాఖ్యాత వచ్చారు. ఆయన దేశము తరపున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

హర్షా భోగ్లే గారు 1961లో హైదరాబాదులో ఒక మరాఠీ కుటుంబములో జన్మించారు. తండ్రి ఫ్రెంచి భాషకు, తల్లి మనస్తత్వ శాస్త్రమునకు ఆచార్యులు. ఆయన ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగు చదివారు. నగరములోని ఎ డివిజను పోటీలలో ఆడారు. విశ్వవిద్యాలయాల మధ్య జరిగే రోహింటన్ బారియా పోటీలలో ఉస్మానియా జట్టులో ఆడారు. ఆయన ఆట ఆ మెట్టు దగ్గర ఆగింది. ఎక్కడనైనా ఎక్కువమంది ఆట ఆగిపోయేది ఆ మెట్టు దగ్గరనే.

అక్కడ ఆగినవారు సాధారణముగా ఏమి చేస్తారు? ఒకరు చేదు మనసుతో ఆట మాటే ఎత్తరు. ఒకరు సెలెక్టర్లను నిందిస్తూ కాలము గడుపుతారు. ఈ విద్యార్థి 19 ఏళ్ళ వయసులోనే హైదరాబాదు ఆకాశవాణి మైకు ముందు కూర్చున్నాడు. చదువు మానలేదు. ఇంజనీరింగు ముగించి, అహమదాబాదులోని ఐ.ఐ.ఎం.లో మేనేజిమెంటు చదివి, ప్రకటనల సంస్థలో ఉద్యోగము చేశాడు. చదువు, ఉద్యోగము, వ్యాఖ్యానము మూడూ ప్రక్కప్రక్కనే నడిచాయి. 1991-92లో భారత జట్టు ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు అక్కడి జాతీయ ప్రసార సంస్థ ఏ.బి.సి. ఆయనను వ్యాఖ్యానమునకు ఆహ్వానించింది. ఆ సంస్థ అట్లా పిలిచిన మొదటి భారతీయుడు ఆయనే. వందలాది వికెట్లు, వేలాది పరుగులు చేసినవారి ప్రక్కన కూర్చుని, వారిని ప్రశ్నలడిగి, వారి అనుభవాన్ని శ్రోతలకు తెచ్చి ఇచ్చుట ఆయన పని అయింది.

రగ్బీ ఆడే దేశములో

క్రికెట్ మాత్రమే చూసి నిర్ణయించకుండ మరొక ఆటను కూడా చూద్దాము. రగ్బీ మన పల్లెలకు క్రొత్త. ఒక్కొక్క జట్టులో 15 మంది. బంతి గుండ్రముగా కాక కోడిగ్రుడ్డు ఆకారములో ఉంటుంది. చేతితో బంతిని ముందుకు వేయకూడదు, వెనుకకు లేదా ప్రక్కకు మాత్రమే అందించాలి. బంతి పట్టినవాడిని కబడ్డీలో వలె పట్టుకొని పడవేస్తారు. దెబ్బలెక్కువ గనుక ఆటగాని కాలము తక్కువ.

ఆ ఆటకు ప్రసిద్ధికెక్కిన స్వరము స్కాట్లండు దేశస్థుడైన బిల్ మెక్‌లారెన్ గారిది. 1923లో హాయిక్ అనే చిన్న పట్టణములో జన్మించారు. రెండవ ప్రపంచ యుద్ధములో ఇటలీలో సైనికుడిగా పోరాడి తిరిగి వచ్చారు. దేశపు జట్టుకు ఎంపిక చేసే ఆటలో 1947లో ఆడారు. నేడో రేపో జట్టులోనికి వస్తారనగా క్షయ వ్యాధి పట్టుకున్నది. ఆ రోజులలో క్షయ అంటే ఏమిటో, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరము ఆసుపత్రిని ఎరిగిన మన పెద్దలకు వేరుగా చెప్పనవసరము లేదు. శానిటోరియములో ఏడాదిన్నరకు పైగా ఉన్నారు. అప్పటికి క్రొత్తగా వచ్చిన స్ట్రెప్టోమైసిన్ మందు ఆయన ప్రాణము నిలిపింది. ఆట మాత్రము ఇక లేదు.

అదే ఆసుపత్రిలో, తోటి రోగుల కొరకు నడిపే చిన్న రేడియోలో, టేబుల్ టెన్నిసు ఆటలకు ఆయన మొదటిసారి వ్యాఖ్యానము చెప్పారు. కోలుకున్నాక ఊరి పత్రికలో వ్రాశారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. 1953 నుండి 2002 వరకు బి.బి.సి.లో రగ్బీ వ్యాఖ్యాతగా ఉన్నారు. అంత పేరు వచ్చిన తరువాత కూడా 1987 వరకు బడి పని మానలేదు. ప్రతి ఆటకు ముందు పెద్ద కాగితము మీద రంగురంగుల సిరాలతో ఆటగాళ్ళ వివరాలు వ్రాసుకొనేవారు. జట్లు సాధన చేసే చోటికి వెళ్ళి, నడకను బట్టి, తల తీరును బట్టి ఒక్కొక్కరిని గుర్తుపట్టడం నేర్చుకొనేవారు. ఒక ఆటగాని పేరు తప్పు చెబితే, ఇంటి దగ్గర వింటున్న అతని తల్లికి ఎట్లా ఉంటుంది? ఆయన అంతగా సిద్ధపడుట వెనుక ఉన్న విలువ మనకు అక్కడ తెలుస్తుంది. 2010లో ఆయన మరణించినప్పుడు, ఆయన సొంత దేశముతో పోటీపడిన దేశాలవారు కూడా దుఃఖించారు.

ఆయన తరువాత బి.బి.సి.లో ఆ పని చేసినవారిలో ముఖ్యుడు వేల్స్ దేశస్థుడైన ఎడ్డీ బట్లర్ గారు. ఈయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో చదువుతూ ఆడి, 1980 నుండి 1984 వరకు తన దేశము తరపున 16 ఆటలు ఆడి, జట్టు నాయకుడిగా కూడా ఉన్నారు. నాలుగేళ్ళు! ఆట ముగిసినాక పత్రికలలో వ్రాశారు, రేడియోలో పనిచేశారు, తరువాత టెలివిజనుకు వచ్చారు. 2022లో మరణించేవరకు, మూడు దశాబ్దాలకు మించి, మాటే ఆయన పని. ఆడిన కాలముతో పోల్చి చూడండి, ఏది పొడవు?

మన ఇండ్లలో

విజ్జీ గారి నుండి బట్లర్ గారి వరకు ఈ జీవితాలను ఒకచోట చేర్చితే మాకు తోచినది ఇది. వ్యాఖ్యానము ఆటకు వచ్చే పింఛను కాదు. అది వేరే వృత్తి. దానిని క్రింది మెట్టు నుండి, వేరుగా నేర్చుకోవాలి. దేశము తరపున ఆడినవానికి తలుపు త్వరగా తెరుచుకుంటుందనుట నిజము. లోపల నిలబెట్టేది మాత్రము సిద్ధపాటు, భాష, నిజాయితీ. ఆడలేకపోయినవానికి తలుపు ఆలస్యముగా తెరుచుకున్నా, ఈ మూడూ ఉంటే చోటు దొరకవచ్చు.

తల్లిదండ్రులారా, పిల్లవాడు ఆడుతున్నాడని బ్యాటు విరగగొట్టకండి. పుస్తకము మూయవద్దని మాత్రము గట్టిగా చెప్పండి. జట్టు జాబితాలో పేరు రాని రోజున ఇంటికి వచ్చిన పిల్లవానితో "నేను ముందే చెప్పాను గదా" అనకండి. ఆ రాత్రి వానికి అన్నము పెట్టి, ఆట ఎట్లా జరిగిందో చెప్పమని అడిగి వినండి. వివరముగా చెప్పగలిగితే వానిలో ఇంకొక వరమున్నదని మీకే తెలియవచ్చు.

యౌవనస్థులారా, ఈ విద్యకు డబ్బు అక్కర లేదు. టెలివిజను శబ్దము తగ్గించి, చూస్తున్న ఆటను మంచి తెలుగులో పది నిమిషాలు చెప్పి చూడండి. ఎక్కడ మాట తడబడుతుందో అక్కడ మీకు చదువు కావాలి. ఊరిలో మ్యాచ్ జరిగితే స్కోరు పుస్తకము మీరు వ్రాయండి. ఆటగాళ్ళ పేర్లు, ఊర్లు, వివరాలు ఒక నోటుబుక్కులో పెట్టుకోండి. దినపత్రికను రోజుకు ఒక పేజీ బిగ్గరగా చదవండి. సంఘములో ప్రకటనలు చదివే అవకాశము వస్తే వెనుకకు జరగకండి. వెనుక బల్ల మీద కూర్చున్న ముసలమ్మకు కూడా వినబడేటట్లు, అర్థమయ్యేటట్లు చదువుట ఏ రేడియో స్టేషనుకైనా సరిపోయే శిక్షణ. మీ సొంత జట్టు ఓడిపోతున్నప్పుడు కూడా ఎదుటివాని మంచి ఆటను మంచి ఆట అనడం అలవరచుకోండి. ఆ ఒక్కటి లేకపోతే మిగిలిన విద్య అంతా ఉన్నా, మీ మాటను ఎవరూ ఎక్కువకాలము నమ్మరు.

ఈ ఏడు కూడా మన పల్లెల నుండి కొందరు పిల్లలు పెట్టె సర్దుకొని తార్నాకలో బస్సు దిగుతారు. వారిలో ఎందరు దేశము తరపున ఆడతారో మనము చెప్పలేము. పెట్టెలో బ్యాటు ప్రక్కన పుస్తకము కూడా పెట్టి పంపుట మన చేతిలో ఉన్న పని.